మా లంక డ్రోన్ ఫోటోలు చక్కగా అతుక్కున్నాయి, కానీ పటం మీద 6 మీటర్లు పక్కకు పడుతున్నాయి: ఏది సరైనది?

లంకవాసి · శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో పి.గన్నవరం వైపు, గోదావరి వైనతేయ పాయలో ఉన్న చిన్న లంక (ఏటి నడిమి దీవి). ఎవరైనా దిద్దగలిగే బహిరంగ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా లంక ఆకారానికీ ఇప్పుడున్న నేలకూ పోలిక లేదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటిన వరదకు మా తూర్పు ఒడ్డు కోతకు గురైంది, పడమట ఇసుక మేట వేసింది. పటం గీయడానికి వాడిన ఉపగ్రహ చిత్రంలో మాత్రం ఒడ్డు పాత చోటనే కనిపిస్తోంది. వరద రోజున పడవ ఏ రేవుకు రావాలో, ఏ పుంత (మట్టి దారి) ముందు మునుగుతుందో బయటినుంచి వచ్చేవారికి ఆ పటమే ఆధారం కాబట్టి, దానిని సరిచేయాలని పూనుకున్నాను.

250 గ్రాముల లోపు బరువున్న చిన్న డ్రోన్‌తో, 60 మీటర్ల ఎత్తునుంచి, దాదాపు 45 ఎకరాలకు 150 ఫోటోలు తీశాను. వాటిని నా సొంత కంప్యూటర్‌లోనే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అన్న సాఫ్ట్‌వేర్‌తో ఒకే చిత్రంగా అతికించాను. ఇళ్లు, సిమెంటు రోడ్డు, అరటి తోటలు ఎంతో స్పష్టంగా వచ్చాయి. అయితే మూడు చిక్కులు ఎదురయ్యాయి. ఒకటి, కొబ్బరి తోటలున్న దక్షిణ భాగం చిరిగిన గుడ్డలా ముక్కలైంది. రెండు, ఎత్తుల పటంలో లంక నడుమ భాగం అంచులకన్నా 2 మీటర్లు ఎత్తుగా కనిపిస్తోంది, కానీ నేల అలా లేదు. మూడు, ఈ చిత్రాన్ని పటం మీద పరిస్తే అందులోని సిమెంటు రోడ్డు పటంలోని రోడ్డుకు పడమటగా సుమారు 6 మీటర్ల దూరంలో పడుతోంది. నా చిత్రం ప్రకారం పటాన్ని జరపాలా, పటం ప్రకారం నా చిత్రాన్ని జరపాలా అన్నది తెలియజేయగలరు.

పటాలపెట్టె (నిర్వాహకులు) · శనివారం, రాత్రి 9:45

లంకవాసి గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. డ్రోన్ ఎగిరిన వరుసల మధ్య దూరమూ, ఫోటోకూ ఫోటోకూ మధ్య దూరమూ ఎంత పెట్టారో చెప్పగలరా? ఈలోగా పటంలో ఏ గీతనూ జరపవద్దని నా మనవి.

లంకవాసి · శనివారం, రాత్రి 10:05

వరుసల మధ్య 50 మీటర్లు, ఫోటోల మధ్య 25 మీటర్లు పెట్టానండీ. ముందు వెనుకలకు 60 శాతం, పక్కలకు 40 శాతం ఫోటోలు ఒకదానిపై ఒకటి పడాలని లెక్క వేసుకున్నాను.

అతుకులబొంత · ఆదివారం, ఉదయం 7:20

కొబ్బరి తోట ఎందుకు చిరిగిందో మీ అంకెలలోనే ఉంది. మీ లెక్క నేల మట్టానికి వేసినది, చెట్ల తలలకు వేసినది కాదు.

ఇటువంటి చిన్న కెమెరాలో సెన్సారు వెడల్పు సుమారు 6.3 మిల్లీమీటర్లు, నాభ్యంతరం (లెన్సు ఫోకల్ లెంగ్త్) 4.5 మిల్లీమీటర్లు, ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లు అనుకుందాము. 60 మీటర్ల ఎత్తునుంచి ఒక పిక్సెల్ నేల మీద 2.1 సెంటీమీటర్లకు సమానం. ఒక ఫోటో 84 మీటర్ల వెడల్పు, 63 మీటర్ల పొడవు ఉన్న నేలను చూపిస్తుంది. మీరు పెట్టిన దూరాలకు నేల మీద 60 శాతం, 40 శాతం కలయిక వచ్చిన మాట నిజమే. కానీ కొబ్బరి చెట్టు 20 మీటర్లు ఉంటే దాని తల కెమెరాకు 40 మీటర్ల దూరంలోనే ఉంటుంది. ఆ మట్టంలో ఫోటో 56 మీటర్ల వెడల్పును, 42 మీటర్ల పొడవును మాత్రమే పట్టుకోగలదు. అంటే చెట్ల తలల దగ్గర ముందు వెనుకల కలయిక 40 శాతానికీ, పక్కల కలయిక సుమారు 10 శాతానికీ పడిపోయింది. అసలే మట్టలన్నీ ఒకే తీరుగా ఉంటాయి, పైగా గాలికి ఊగుతాయి. ఒక ఫోటోలోని మట్టను మరో ఫోటోలోని అదే మట్టగా సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టడానికి మీరు దానికి మిగిల్చిన అవకాశం చాలా తక్కువ.

మందు ఏమిటంటే ఇంకా కిందికి దిగడం కాదు, పైకి వెళ్లడం. 100 మీటర్ల ఎత్తునుంచి పిక్సెల్ 3.5 సెంటీమీటర్లు అవుతుంది. ఇల్లు, పుంత, రేవు, బోదె (చిన్న కాలువ) గీయడానికి అది కావలసినదానికన్నా ఎక్కువే. వరుసల మధ్య 42 మీటర్లు, ఫోటోల మధ్య 21 మీటర్లు పెట్టండి. అప్పుడు నేల మీద 80, 70 శాతం కలయిక వస్తుంది. చెట్ల తలల దగ్గర కూడా 75, 62 శాతం మిగులుతుంది. అంచులు దాటి తిరిగినా 250 ఫోటోల లోపే పని ముగుస్తుంది.

పెరట్లో ఆరవేసిన బట్టలు కూడా లెక్కపెట్టగలిగేంత దగ్గరగా ఎగరడం ఊరివారికి ఇబ్బందిగా ఉంటుందన్న సంగతి కూడా ఇక్కడే మనవి చేస్తున్నాను. ఎత్తు పెరిగితే ఆ ఇబ్బంది కూడా తగ్గుతుంది. ఎగరేసే ముందు ఇంటింటికీ చెప్పి ఒప్పించండి.

వేళ విషయంలో, గాలి లేని ఉదయం మంచిది కానీ మరీ పొద్దున్నే అయితే నీడలు పొడవుగా పడి పుంతలను కప్పేస్తాయి. మిట్టమధ్యాహ్నం ఏటి నీటిలో ఎండ మెరిసి ఆ మెరుపులే తప్పుడు గుర్తులవుతాయి. పలుచని మబ్బు కమ్మిన ఉదయం దొరికితే దానిని వదులుకోకండి. నడి ఏటిలో మాత్రం ఏమి చేసినా అతుకు కుదరదు. కదిలే నీటిలో పట్టుకోవడానికి స్థిరమైన గుర్తు ఏదీ ఉండదు కాబట్టి, ఒడ్డు తప్పనిసరిగా ఫోటోలో ఉండేలా వరుసలు వేసుకోండి.

గొలుసుకొలత · ఆదివారం, ఉదయం 11:30

నేను ముప్పై ఏళ్లకు పైగా సర్వే పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. చివరి తరం గొలుసు కొలతలు చూశాను, మొదటి తరం డీజీపీఎస్ (జీపీఎస్ తేడాను సరిదిద్ది కొలిచే) పనిముట్లు మోశాను. లంకవాసి గారి మూడో ప్రశ్న గురించి రాస్తాను.

మీ చిత్రం సరైనదా, పటం సరైనదా అని అడిగారు. రెండిటికీ సాక్ష్యం లేదు కనుక రెండింటినీ నమ్మకూడదు. మీ చిత్రానికి స్థానం ఎక్కడినుంచి వచ్చింది? ప్రతి ఫోటోలో డ్రోన్ తన జీపీఎస్ ప్రకారం రాసుకున్న అక్షాంశ రేఖాంశాలనుంచి. ఆ జీపీఎస్‌లో 3 నుంచి 5 మీటర్ల తేడా సహజం. ఎత్తులో ఇంకా ఎక్కువ. ఫోటోలు వందలకొద్దీ ఉన్నాయి కాబట్టి తేడాలు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయని కొందరు అనుకుంటారు. ఒకే అరగంటలో ఎగిరిన డ్రోన్‌కు తేడా చాలావరకు ఒకే దిక్కుకు ఉంటుంది, కనుక అది పోదు. ఇక పటంలోని రోడ్డును ఎవరో ఉపగ్రహ చిత్రం చూసి గీసి ఉంటారు. ఆ చిత్రాలు కూడా ప్రాంతాన్నిబట్టి కొన్ని మీటర్లు జరిగి ఉంటాయి. ఒకే చోట రెండు వేర్వేరు సంస్థల చిత్రాలను మార్చి మార్చి చూస్తే మీకే తెలుస్తుంది.

అందువల్ల మూడో ఆధారం కావాలి. చేతి ఫోను దానికి పనికిరాదు, ఎందుకంటే అది కూడా డ్రోన్ జీపీఎస్ కోవలోదే. డీజీపీఎస్ పనిముట్టు ఉన్న సర్వేయరును ఒక పూటకు పిలిపించండి. నేల మీద 8 గుర్తులు పెట్టించి కొలిపించండి: నాలుగు మూలల నాలుగు, నడుమ రెండు, మిగిలినవి నేల మట్టం మారేచోట. అన్నీ రోడ్డు వెంబడే పెట్టించవద్దు. అలా పెడితే చిత్రం ఆ రోడ్డునే ఇరుసుగా చేసుకుని ఒక పక్కకు ఒరిగిపోతుంది. గుర్తు 60 సెంటీమీటర్ల చదరపు పలక అయితే చాలు. పాత ఫ్లెక్సీల వెనుక వైపు తెల్లగా ఉంటుంది కాబట్టి, ఎదురెదురు గళ్లకు నల్లరంగు వేస్తే నడిమి బిందువు స్పష్టంగా దొరుకుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. ఆ 8 గుర్తులలో రెండింటిని సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వకండి. మా రోజులలో పొలిమేర రాయి కదిలిందేమోనన్న అనుమానం వస్తే, దానికి దూరంగా ఉన్న సాక్షి రాళ్లనుంచి కొలిచి చూసేవాళ్లం. ఈ రెండు గుర్తులూ మీకు అటువంటి సాక్షులు. మిగిలిన ఆరింటితో చిత్రం తయారైన తరువాత, ఈ రెండూ చిత్రంలో ఎక్కడ పడ్డాయో, నేల మీద ఎక్కడ ఉన్నాయో పోల్చండి. ఆ తేడాయే మీ పటం నాణ్యత. సాఫ్ట్‌వేర్ తన నివేదికలో చెప్పే తేడా, దానికి ముందే చూపించిన గుర్తులమీద చెప్పే మాట మాత్రమే.

టేపు కూడా తీసుకెళ్లండి. సిమెంటు రోడ్డు మీద రెండు గుర్తుల మధ్య దూరం కొలిచి, పాత చిత్రంలోని దూరంతో పోల్చి ఇక్కడ రాయండి.

మత్తడి · ఆదివారం, రాత్రి 8:15

గొలుసుకొలత గారి మాట చదివాక నా పని మీద నాకే అనుమానం కలిగింది. మాది నారాయణపేట వైపు. మా పాత చెరువులు, వాటి గొలుసుకట్టు కాలువలు ఎక్కడ ఉండేవో తెలుసుకోవడానికి కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాలను వాడుతున్నాను. అమెరికా 1960 నుంచి 1972 వరకు ఫిల్ము మీద తీసి, 1995లో బయటపెట్టిన చిత్రాలవి. చివరి తరం కెమెరాలో 2 మీటర్ల లోపు వస్తువులు కూడా తెలుస్తాయి. హక్కుల చిక్కు లేనివి కాబట్టి వాటిని చూసి బహిరంగ పటంలో గీయవచ్చు.

క్యూజీఐఎస్ అన్న పటాల సాఫ్ట్‌వేర్‌లో జియోరిఫరెన్సింగ్ (చిత్రాన్ని పటం మీద దాని చోట కూర్చోబెట్టడం) చేస్తూ 14 బిందువులు ఇచ్చి థిన్ ప్లేట్ స్ప్లైన్ అన్న పద్ధతి ఎంచుకున్నాను. మిగులు తేడా సున్నా అని చూపించింది. పని పూర్తయిందని ఎంతో సంతోషించాను. కానీ బిందువులకు దూరంగా ఉన్న ఒక కట్ట ఈనాటి కట్టకు పక్కగా పడుతోంది. సున్నా వచ్చిన తరువాత కూడా ఇలా ఎందుకు జరుగుతుంది?

గొలుసుకొలత · సోమవారం, ఉదయం 6:50

మత్తడి గారూ, ఆ పద్ధతి చిత్రాన్ని రబ్బరులా సాగదీసి, మీరు ఇచ్చిన ప్రతి బిందువునూ మీరు చెప్పిన చోటనే కూర్చోబెడుతుంది. మీరు ఒక బిందువును పొరపాటున వంద మీటర్ల అవతల పెట్టినా తేడా సున్నా అనే చెబుతుంది. సున్నా రావడం ఆ పద్ధతి స్వభావం; దానివల్ల మీ బిందువుల మంచిచెడ్డలు తెలియవు.

ముందు మొదటి తరగతి బహుపది (పాలినామియల్) పద్ధతితో మొదలుపెట్టండి. దానికి 3 బిందువులు చాలు, మీరు 14 ఇస్తారు కాబట్టి మిగులు తేడాలు నిజాయతీగా బయటపడతాయి. ఏ బిందువు దగ్గర తేడా విడ్డూరంగా ఉందో చూసి, దానిని మళ్లీ పరిశీలించండి. రెండో తరగతికి కనీసం 6, మూడో తరగతికి కనీసం 10 కావాలి. తరగతి పెరిగేకొద్దీ బిందువులు లేని అంచులలో చిత్రం మెలికలు తిరుగుతుంది. మీ విషయంలోనూ నాలుగు బిందువులను సాక్షులుగా పక్కన పెట్టుకోవాలి.

ఇంకొక సంగతి. ఆ ఉపగ్రహం కెమెరా లెన్సును పక్కనుంచి పక్కకు తిప్పుతూ పొడవాటి పట్టీగా చిత్రం తీసేది, కనుక పట్టీ కొసలలో వంపు బాగా ఎక్కువ. పట్టీ మొత్తాన్ని ఒకేసారి సరిచేయాలనుకోకుండా, మీ చెరువులున్న ముక్కను కత్తిరించి దానికే పని చేయండి.

బిందువుగా గుడి గోపురం కొనను తీసుకోకండి. ఎత్తయిన వస్తువు కొన చిత్రంలో పక్కకు వాలుతుంది, పాదం వాలదు. బండరాళ్ల గుట్టలు, పాత తూములు, మత్తడి (చెరువు అలుగు) రాతికట్టు మంచివి. చెరువు కట్ట నడిగీతను మాత్రం జాగ్రత్తగా చూడండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మీ కట్టను కూడా వెడల్పు చేసి ఉంటే, అరవై ఏళ్ల కిందటి నడిగీతకూ నేటి నడిగీతకూ తేడా వస్తుంది.

అతుకులబొంత · సోమవారం, ఉదయం 9:05

మత్తడి గారూ, నారాయణపేట 78 డిగ్రీల రేఖాంశానికి పడమట ఉంది కాబట్టి మీరు యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 43వ మండలం, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఈపీఎస్‌జీ సంకేతం 32643 వాడాలి. లంకవాసి గారు 44వ మండలంలో ఉన్నారు, వారికి 32644. తెలుగు నేల ఎక్కువ భాగం 44లో ఉండడంవల్ల అలవాటుగా దానినే ఎంచుకోవడం తరచు జరుగుతోంది.

లంకవాసి గారి రెండో చిక్కు, అంటే నడుమ ఉబ్బు, నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. నేల సమతలంగా ఉండి, ఫోటోలన్నీ నిట్టనిలువుగా కిందికే తీసినప్పుడు, లెన్సు వంపును సాఫ్ట్‌వేర్ సరిగ్గా తేల్చుకోలేక ఆ మిగులును నేలమీదికి తోసేస్తుంది. నేల గిన్నెలాగానో బోర్లించిన మూకుడులాగానో తయారవుతుంది. పైనుంచి చూసే చిత్రంలో ఇది దాదాపు కనిపించదు. కానీ ఏ పుంత ముందు మునుగుతుందో ఆ ఎత్తులనుబట్టి చెబితే, నిజంగా పల్లంలో ఉన్న నడిమి ఇళ్లను మెరకలో ఉన్నవని చెప్పినట్టవుతుంది. దయచేసి ఆ ఎత్తుల పటాన్ని ఎవరికీ ఇవ్వకండి.

ఈసారి నిలువు ఫోటోలతో పాటు కెమెరాను 20 నుంచి 30 డిగ్రీలు వాల్చి, అడ్డంగా మరో రెండు మూడు వరుసలు తీయండి. నేల గుర్తులు కూడా తోడైతే ఉబ్బు అణుగుతుంది. గుర్తుల ఫైలులో మొదటి వరుస నిర్దేశాంక వ్యవస్థ. ఆ తరువాత ప్రతి వరుసలో తూర్పు, ఉత్తరం, ఎత్తు, ఫోటోలో అడ్డ పిక్సెల్, నిలువు పిక్సెల్, ఫోటో పేరు ఉండాలి. ఒక్కొక్క గుర్తును కనీసం 3 ఫోటోలలో చూపించండి.

సర్వేయరు ఇచ్చే ఎత్తు గురించి ముందే అడగండి. ఉపగ్రహ పనిముట్లు దీర్ఘవృత్తాభం (లెక్కకోసం ఊహించుకున్న నున్నటి భూమి ఆకారం) మీది ఎత్తును ఇస్తాయి. మన ప్రాంతంలో సముద్రమట్టం దానికి 70 నుంచి 90 మీటర్ల దిగువన ఉంటుంది కనుక, లంక ఎత్తు మైనస్ అంకెలలో వస్తే కంగారుపడవద్దు. రెండు రకాల ఎత్తులను కలపకుండా ఉంటే చాలు.

గాలిపటం · సోమవారం, రాత్రి 10:40

నేను అమెరికాలో లూసియానా తీరానికి దగ్గరలో ఉంటున్నాను. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలినప్పుడు, ఇక్కడి తీరవాసులు గాలిపటాలకూ బెలూన్లకూ మామూలు కెమెరాలు కట్టి, చమురు ఎక్కడివరకు వచ్చిందో ఫోటోలు తీశారు. ఆ పనినుంచే పబ్లిక్ ల్యాబ్ అన్న సంస్థ పుట్టింది. ఫోటోలను తెరమీద చేత్తో లాగి, తిప్పి, పటం మీద పరిచే మ్యాప్‌నిట్టర్ అన్న పరికరం వారిదే. కింద ఉన్న పటం ఎంత జరిగి ఉంటే చేత్తో పరిచిన చిత్రమూ అంతే జరిగేది కాబట్టి, స్థానం విషయంలో అది గొలుసుకొలత గారి పరీక్షకు నిలవదు. కానీ అక్కడ కావలసినది సెంటీమీటర్లు కాదు, ఏ గడ్డిమడి నల్లబడిందన్న సాక్ష్యం. దానికి అది సరిపోయింది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, డీజీపీఎస్ దొరకని ఊరివారు ఇది చదివి పని మానుకోకూడదు. ఎంత తేడా ఉండవచ్చో చిత్రంతో పాటే రాసిపెడితే, మొరటు చిత్రం కూడా పనికివస్తుంది.

లంకవాసి · మూడు వారాల తరువాత, ఆదివారం

ఆలస్యానికి మన్నించండి. గాలి తగ్గడానికీ, సర్వేయరు గారికి వీలు కుదరడానికీ ఇన్ని రోజులు పట్టింది.

ముందుగా టేపు సంగతి. సిమెంటు రోడ్డు మీద రెండు గుర్తుల మధ్య దూరం టేపుతో 212.40 మీటర్లు. పాత చిత్రంలో అదే దూరం 213.60 మీటర్లు. అంటే పాత చిత్రం పక్కకు జరగడమే కాక కొంచెం సాగి కూడా ఉంది.

ఈసారి 100 మీటర్ల ఎత్తునుంచి నిలువుగా 226, వాలుగా 34 ఫోటోలు తీశాను. గుర్తులు 8 పెట్టి, వాటిలో రేవు దగ్గరిదాన్నీ అరటి తోట పక్కదాన్నీ సాక్షులుగా దాచి ఉంచాను. చిత్రం తయారయ్యాక చూస్తే రేవు సాక్షి దగ్గర తేడా 6 సెంటీమీటర్లు, తోట సాక్షి దగ్గర 9 సెంటీమీటర్లు. ఎత్తులో పెద్ద తేడా 14 సెంటీమీటర్లు. నడిమి ఉబ్బు పోయింది. కొబ్బరి తోట రెండు చిన్న చిరుగులు తప్ప అంతా అతుక్కుంది.

ఇప్పుడు అసలు విషయం. సరిచేసిన చిత్రంతో పోలిస్తే నా పాత చిత్రం 2.7 మీటర్లు పడమటికి జరిగి ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని రోడ్డు 3.5 మీటర్లు తూర్పుకు జరిగి ఉంది. ఆ 6 మీటర్ల తేడా ఈ రెండు తప్పులూ కలిసి ఏర్పడింది. ఆ రోజు నా చిత్రం ప్రకారం రోడ్డును జరిపి ఉంటే, ఒక తప్పును తీసి మరో తప్పును పెట్టేవాడిని. ఆపినందుకు పటాలపెట్టె గారికీ, దారి చూపినందుకు గొలుసుకొలత గారికీ ఎంతో రుణపడి ఉన్నాను.

గొలుసుకొలత · అదే రోజు, సాయంత్రం 5:30

చాలా సంతోషం కలిగింది. రెండు సాక్షుల అంకెలనూ చిత్రం వివరాలలో అలాగే రాయండి, సగటు చేసి ఒకే అంకెగా మార్చకండి. పటంలో గీతలను జరిపేటప్పుడు మీరు కొలిచిన 45 ఎకరాల వరకే జరపండి. అవతలి ఒడ్డు ఊరు కూడా అంతే జరిగి ఉంటుందని ఊహించి దానిని కదపవద్దు. అక్కడ మీకు సాక్షులు లేరు.

పటాలపెట్టె (నిర్వాహకులు) · అదే రోజు, రాత్రి 8:00

నియమాల విషయం కొంత రాయవలసి ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతిలోకి వస్తాయి. ఆకుపచ్చ మండలంలో 120 మీటర్ల ఎత్తువరకు ఎగరవచ్చు. మీ చోటు ఏ రంగులో ఉందో డిజిటల్ స్కై పటంలో ఎగరేసే ప్రతిసారీ చూసుకోవాలి, ఎందుకంటే రంగులు మారుతుంటాయి.

అంతకన్నా తక్కువమందికి తెలిసినది 2021 ఫిబ్రవరి 15 నాటి భూప్రాదేశిక సమాచార మార్గదర్శకాలు. అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్లు అన్న పరిమితికన్నా సూక్ష్మమైన కచ్చితత్వం గల సమాచారాన్ని భారతీయులే తయారుచేయాలి, అది దేశంలోనే నిల్వ ఉండాలి, ఇక్కడే ప్రాసెస్ కావాలి. మీది 9 సెంటీమీటర్ల చిత్రం. సొంత కంప్యూటర్‌లో అతికించడం మంచి పనే అయింది. ఆ పూర్తి చిత్రాన్ని ఓపెన్‌ఏరియల్‌మ్యాప్ వంటి విదేశీ సర్వర్లకు ఎక్కించకండి. మీ కంప్యూటర్‌లోనే పొరగా తెరుచుకుని, జోసమ్ అన్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దిద్దే సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీయండి.

గీసేటప్పుడు పేర్లకోసంగానీ స్థానంకోసంగానీ గూగుల్ పటాలను చూసి రాయకూడదన్నది ఎప్పటిలాగే గుర్తుచేస్తున్నాను. నేల గుర్తులను కూడా అక్కడినుంచి తీసుకోకూడదు.

మత్తడి · సోమవారం, రాత్రి 9:25

నా సంగతి కూడా చెబుతాను. 10 బిందువులతో, రెండో తరగతి బహుపదితో మళ్లీ చేశాను. పక్కన పెట్టిన నాలుగు సాక్షుల దగ్గర తేడా 7 నుంచి 12 మీటర్ల మధ్య ఉంది. సున్నాతో పోలిస్తే ఈ అంకె పెద్దదే కానీ, ఆ దూరపు కట్ట ఇప్పుడు దాని చోట పడుతోంది. ఒక తూమును పొరపాటున పక్క చెరువు తూముగా గుర్తించినట్టు మిగులు తేడాలవల్లే తెలిసింది.

లంకవాసి · గురువారం, రాత్రి 9:50

ఈ వారం గీయడం ముగించాను. రోడ్డు, రెండు రేవులు, నాలుగు పుంతలు, 61 ఇళ్లు. కొబ్బరి చెట్ల కిందుగా పోయే పుంతలు పైనుంచి కనిపించవు కాబట్టి, వాటిని నడిచి, రెండు చివరలనూ చిత్రంలో గుర్తుపట్టి కలిపాను.

ఒడ్డు గీయడంలో మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఫోటోలు తీసిన రోజున ధవళేశ్వరం నుంచి నీరు తక్కువగా వస్తోంది, అందువల్ల ఇసుక చాలా దూరం బయటపడి ఉంది. ఆ నీటి అంచునే ఒడ్డుగా గీస్తే, వరద కాలంలో పటం చూసి వచ్చే పడవవారికి లేని నేల కనిపిస్తుంది. కనుక మట్టి గట్టు తెగినచోటే ఒడ్డు గీసి, దానికీ నీటికీ మధ్యనున్న మేటను విడిగా ఇసుకగా గీశాను. ప్రతి మార్పుకూ ఫోటో తీసిన తేదీ రాశాను. వరద తగ్గాక నవంబరులో మళ్లీ ఎగరవేస్తాను. సర్వేయరు గారు కొలిచిన గుర్తులలో సిమెంటు రోడ్డు మీదివి మూడు, గుడి అరుగు మీదిది ఒకటి శాశ్వతంగా ఉండేలా రంగు వేయించాను. వాటిలో గుడి అరుగు మీదిదాన్ని అప్పుడు సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వకుండా సాక్షిగా ఉంచుతాను.